తెర మీది యూనిఫారం

1941 ఫిబ్రవరిలో ఆస్కార్ అందుకున్న జేమ్స్ స్టూవర్ట్ మరుసటి నెలలోనే సైన్యంలో చేరి, ఐరోపా మీద బాంబర్ విమానాలు నడిపాడు. కుటుంబ పోషణ పేరిట మినహాయింపు పొందిన జాన్ వేన్ స్టూడియోలోనే ఉండిపోయాడు. అయినా జనం దృష్టిలో సైనికుడంటే వేనే.

నిర్బంధ సైనికసేవ లేని భారతదేశంలో తెలుగు తారలకు ఈ పరీక్ష ఎదురుకాలేదు. ‘కంచె’ (2015) రెండవ ప్రపంచయుద్ధపు తెలుగు సిపాయిని చూపింది. అదీ ప్రేమకథ నీడలో. ‘సరిలేరు నీకెవ్వరు’ (2020) మేజరుకైతే అసలు శత్రువు సరిహద్దులో కాదు, కర్నూలులో దొరుకుతాడు!

ఐసెలిన్‌లో ఈ చిత్రాలు చూసే తెలుగు కుటుంబం స్థితి వేరు. పౌరుడైనా, గ్రీన్‌కార్డుదారుడైనా, పద్దెనిమిదేళ్ళు నిండిన కొడుకు పేరు సెలెక్టివ్ సర్వీస్ పట్టికకు ఎక్కవలసిందే. నిర్బంధ నియామకం 1973లో ఆగింది. 1980లో పునరుద్ధరించిన ఆ నమోదు మాత్రం ఆగలేదు.