బిఫెన్ గోధుమ పరిశోధన: ఒక విమర్శ

మెండెల్ సూత్రములు 1900లో మరల వెలుగులోనికి వచ్చినవి. అయిదేండ్లకే, 1905లో, కేంబ్రిడ్జి శాస్త్రజ్ఞుడు రోలండ్ బిఫెన్ మెండెల్ సూత్రములకును గోధుమ వంగడముల అభివృద్ధికిని గల సంబంధమును గూర్చి ఒక వ్యాసమును ప్రకటించెను. తెగులును తట్టుకొను గుణము కూడ మెండెల్ సూత్రముల ననుసరించి సంక్రమించునని చూపిన తొలి రచన ఇదియే.

పసుపు తుప్పు తెగులుకు సులభముగా లొంగు గోధుమను, తట్టుకొను గోధుమతో బిఫెన్ సంకరపరచెను. మొదటి తరపు మొక్కలకు తెగులు సోకెను. రెండవ తరములో సుమారు నాలుగింట ఒక వంతు మొక్కలు తప్పించుకొనినవి. అనగా ఈ పరీక్షలో తట్టుకొను గుణము అంతర్గతము. మొదటి తరములో మరుగుపడి, రెండవ తరములో బయటపడినది. అదృష్టముపై ఆధారపడిన రకముల ఎంపిక ఇట్లు ఒక లెక్కకు వచ్చెను. 1910లో బిఫెన్ 'లిటిల్ జాస్' అను గోధుమ రకమును రైతుల కందించెను. వ్యాసపు గొప్పతన మిచ్చట నున్నది.

మరి లోపమెచ్చట? బిఫెన్ మొక్కను లెక్కించెను గాని శిలీంధ్రమును లెక్కలోనికి తీసికొనలేదు. శిలీంధ్రమునకును జన్యువులు కలవు, అవియు మారును. 1940 తరువాతి సంవత్సరములలో అమెరికా శాస్త్రజ్ఞుడు ఫ్లోర్ అవిసె మొక్కలో సంక్రమణమును, దాని తుప్పు శిలీంధ్రములో సంక్రమణమును కలిపి పరిశీలించి, మొక్కలోని నిరోధక జన్యువునకు శిలీంధ్రములో సరిజోడు జన్యువు కలదని చూపెను. నిరోధక గుణము పెక్కు సందర్భములలో బహిర్గతమనియు తేలెను. కావున బిఫెన్ ఫలితము అంతటను వర్తించు నియమము కాదు.

ఈ లోపము కాగితముపై నిలిచిపోవునది కాదు. రై ధాన్యమునుండి గోధుమకు వచ్చిన ఎస్.ఆర్.31 జన్యువు కాండపు తుప్పును ఏండ్ల తరబడి అడ్డగించెను. 1998లో ఉగాండాలో దానిని జయించిన శిలీంధ్రపు తెగ కనబడెను.

ఈ హెచ్చరిక గోధుమకే పరిమితము కాదు. జగిత్యాల జిల్లా మేడిపల్లిలో ప్రధానమైనది వరి. వరికి అగ్గి తెగులు తెచ్చునదియు శిలీంధ్రమే. దానిలోను పెక్కు తెగలున్నవి. 1986లో బాపట్లనుండి వెలువడిన సాంబ మసూరి అన్నమునకు పేరొందినను, అగ్గి తెగులుకు లొంగును. కావుననే శాస్త్రజ్ఞులు టెటెప్ అను వియత్నాం వరిలోని పి.ఐ.54 వంటి జన్యువులను మేలు రకములలో చేర్చుచు, ఒక్కదానినే నమ్మక రెండు మూడింటిని కలుపుచున్నారు.

తరగతిలో 3:1 నిష్పత్తిని బోధించు ఉపాధ్యాయుడు అక్కడనే ఆగరాదు. "తెగులును తట్టుకొను రకము" అను మాట విన్న విద్యార్థి, "ఏ తెగ శిలీంధ్రమును?" అని అడుగవలెను. రకము మంచిదైనను రైతు పొలమును గమనించుట మానరాదు. నత్రజని ఎరువు మితిమీరి వేయరాదు. బిఫెన్ వ్యాసము నేటికిని చదువదగినదే. కాని దానిని తొలి మాటగా చదువవలెను, తుది మాటగా కాదు.