అడ్డుతెర పక్కన చోటు

పెళ్లి ఫొటో అంటే మూడుముళ్లే అనుకుంటాం. సినిమాలు మనకు అలా అలవాటు చేశాయి. నాచారంలో ఎన్టీఆర్ నెలకొల్పిన రామకృష్ణ స్టూడియోలో పెళ్లి సీను తీస్తే, ముడి సరిగ్గా కనిపించేదాకా ఎన్ని టేకులైనా తీసుకోవచ్చు. అదే నాచారంలో, ఒక ఫంక్షన్ హాల్లో, నా స్నేహితురాలి పెళ్లికి మొదటిసారి కెమెరా పట్టుకున్నాను. అక్కడ ముహూర్తం ఒక్కటే. పంచాంగం చూసి పెట్టిన ఆ ఘడియ తాళిది కూడా కాదు, జీలకర్ర బెల్లానిది.

అందుకే ముందుగా ఉప్పల్‌లో వాళ్లింటికి వెళ్లి, వాళ్ల నానమ్మ పక్కన కూర్చుని ఏ తంతు తర్వాత ఏదో రాసుకున్నాను. ప్రధానం, మైలపోలు, ఎదుర్కోళ్లు, అప్పగింతలు... ఒక్కో ఇంట్లో ఒక్కో పద్ధతి. ఎవరు ఎవరికి బొట్టు పెడతారో తెలిస్తేనే మనం ముందే వెళ్లి సరైన చోట నిలబడగలం. లెన్సుల గురించి చదివిందంతా ఆ కాగితం తర్వాతే.

హాల్లో వెలుతురు కూడా ముందురోజే చూసుకోవాలి. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది కాబట్టి చాలా ఎల్ఈడీ దీపాల వెలుగు సెకనుకు 100 సార్లు పెరిగి తగ్గుతుంది. కంటికి తెలియదు గానీ, షట్టర్ వేగం సెకనులో 500వ వంతుకు పెంచితే ఫొటోలో అడ్డచారలు పడే ప్రమాదముంది. 100వ వంతు దగ్గర ఉంచితే ఒక పూర్తి హెచ్చుతగ్గు ఫొటోలో ఇమిడిపోతుంది. ఆ వేగంలో తలంబ్రాలు గీతల్లా సాగుతాయి. సాగనివ్వండి. బియ్యం గాల్లో కదులుతున్నట్టు కనిపించడమే నాకిష్టం.

ఇక ముహూర్తం. వధూవరుల మధ్య అడ్డుతెర. దాని అంచుకు సూటిగా ఉంటే ఇద్దరూ మనకు కనిపిస్తారు, ఒకరికొకరు కనిపించకుండానే. ఆ చోటు అందరికీ కావాలి: వీడియో ఆయనకు, మేనమామలకు, పిన్నులకు. అందరూ నిలబడే ఉంటారు కాబట్టి మోకాళ్ల మీద కూర్చుంటే దారి దొరుకుతుంది. అప్పుడిక చూపు కన్నా చెవి ముఖ్యం. గట్టిమేళం మోగగానే చేతులు తలల మీదికి వెళ్తాయి, అక్షింతలు కురుస్తాయి, తెర దిగుతుంది. పెళ్లికొడుకు ఆమెను చూశాడు. ఆమె మాత్రం ముందు వాళ్ల నాన్న వైపు చూసింది. చూస్తుందని నాకు తెలుసు. కాలేజీలో ఫలితాలొచ్చిన రోజునా అంతే. అందుకే లెన్సు ఆమె మీదే ఉంచాను.

ఆ ఉదయం జడ వేయించుకుంటూ, "నువ్వు గదిల ఉంటే నాకు కొత్తగ అనిపియ్యదే, అందుకే నిన్ను తియ్యమన్న" అంది. ఈ ఊళ్లో ఆ మాటకు పాత చరిత్ర ఉంది. ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ 1892లో హైదరాబాద్‌లో పరదా స్త్రీల కోసం జనానా స్టూడియో పెట్టి, దాన్ని ఒక ఆంగ్ల మహిళకు అప్పగించాడు. కెమెరా వెనక ఎవరున్నారన్న దాన్ని బట్టే ఎదుట కూర్చున్న మనిషి ముఖం ఉంటుందని ఆయనకు తెలిసే ఉంటుంది.

అయినా పెళ్లి మొత్తం నా ఒక్కదాని మీదే వేస్తే ఒప్పుకునేదాన్ని కాదు. వేదిక మీదికి వచ్చే చుట్టాలందర్నీ ఎవరూ తప్పిపోకుండా తీయడం, ప్రతి ఫొటోనూ రెండు కార్డుల్లో భద్రపరచడం ఏళ్ల తరబడి ఈ వృత్తిలో ఉన్నవాళ్ల పని. వాళ్లు ఆ భారం మోశారు కాబట్టే నాకు ఒక్క చూపు కోసం కాచుకునే తీరిక దొరికింది.

కానీ గట్టిమేళం వేళ నా చేతుల్లో కెమెరా ఉంది, అక్షింతలు లేవు. హడావుడి తగ్గాక వెళ్లి వేశాను. ముహూర్తంలో వేసేవి వేరు. ఇంకో స్నేహితురాలు పెళ్లికి ఫొటోలు తియ్యమంటే ఏం చెప్పాలో నేనింకా తేల్చుకోలేదు.