ఇంటిపేరుతో సహా పిలవాలి

నాయుడుపేటకు వాన భయం రెండు వైపుల నుంచి వస్తుంది. తూర్పున బంగాళాఖాతంలో వాయుగుండం, పడమటి నుంచి స్వర్ణముఖి వరద. 2021 నవంబరులో ఏరు ఉప్పొంగడం, 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను ఈ తీరం వెంబడే సాగి బాపట్ల దగ్గర తీరం దాటడం ఇంకా మరపున పడలేదు. ఇప్పుడు హెచ్చరికలు నేరుగా ఫోన్లకే వస్తున్నాయి. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ నడుపుతున్న 'సచేత్' వ్యవస్థకు ఆధారం కామన్ అలర్టింగ్ ప్రోటోకాల్, పొట్టిగా క్యాప్. వాతావరణ శాఖ పంపినా, కేంద్ర జల సంఘం పంపినా, హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ పంపినా హెచ్చరిక అదే అచ్చులో ఎక్స్ఎంఎల్ పత్రంగా తయారవుతుంది.

ఆ పత్రాన్ని చదివి ప్రోగ్రాంలో ఆబ్జెక్టులుగా మార్చడం చూడ్డానికి చిన్న పనే. చిక్కల్లా ఒకే పత్రంలో రెండు మూడు పదజాలాలు కలిసి ఉండటంలో ఉంది. ఉదాహరణకు, అమెరికా జాతీయ వాతావరణ సేవ తన క్యాప్ హెచ్చరికలను చాలాకాలం ఆటమ్ అనే ఎక్స్ఎంఎల్ ఫీడ్‌లో పొదిగి ఇచ్చింది. ఆటమ్‌లో 'కేటగిరీ' అనే ట్యాగ్ ఉంది. క్యాప్‌లోనూ 'కేటగిరీ' ఉంది. మొదటిది ఆ వార్త ఏ విభాగానిదో తన 'టర్మ్' అనే యాట్రిబ్యూట్‌లో చెబుతుంది. రెండోది ముంచుకొచ్చే ఆపద ఏ రకమో చెబుతుంది. తుపానుకు అందులో 'మెట్' అని ఉంటుంది. పేరు ఒకటే, మనుషులు వేరు.

ఈ చిక్కును విప్పడానికే 1999 జనవరిలో వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ నేమ్‌స్పేస్‌ల నిబంధన తెచ్చింది. ట్యాగ్ ముందు కనిపించే ప్రిఫిక్స్ మన పేరు ముందు వేసే పొడి అక్షరం లాంటిది. 'కె.' అంటే కొండా కావచ్చు, కోటా కావచ్చు. అసలు ఇంటిపేరు ఆ ప్రిఫిక్స్‌కు ముడిపెట్టిన పొడవాటి చిరునామా, అంటే యూఆర్ఐ. పంపేవాళ్లు ప్రిఫిక్స్‌ను ఎప్పుడైనా మార్చుకోవచ్చు, అసలు వాడకనూ పోవచ్చు. కోడ్ పట్టుకోవాల్సింది యూఆర్ఐనే. ప్రిఫిక్స్‌లన్నీ చెరిపేసి చదివే అడ్డదారి ఒకటి ప్రచారంలో ఉంది. అలా చేస్తే రెండు కేటగిరీలూ ఒకదాని మీద ఒకటి పడతాయి. ప్రాణాలతో ముడిపడిన పత్రం మీద ఆ పని చేయకూడదు.

జావాలో ఈ మార్పిడికి జాక్స్‌బీ వాడేవాళ్లకు నా సలహా: ఒక్కో నేమ్‌స్పేస్‌కు ఒక్కో ప్యాకేజీ పెట్టండి. ఆటమ్ క్లాసులు ఒకచోట, క్యాప్ క్లాసులు మరోచోట. ప్యాకేజీ-ఇన్ఫో ఫైల్లో యూఆర్ఐ రాసి, దాని పక్కనే 'ఎలిమెంట్ ఫామ్ డిఫాల్ట్'ను 'క్వాలిఫైడ్' చేయాలి. ఈ చివరి మాట మరిచిపోతే జరిగేది చూడండి: వేరు (రూట్) ట్యాగ్ 'అలర్ట్' సరిగ్గా దొరుకుతుంది, ఆబ్జెక్ట్ తయారవుతుంది, కానీ లోపలి గడులన్నీ నల్. తప్పు జరిగినట్టు ఒక్క సందేశమూ రాదు. వేరు ట్యాగ్ తెలియనిదైతే జాక్స్‌బీ ఆగిపోతుంది, లోపలి ట్యాగ్ తెలియనిదైతే మాట్లాడకుండా దాటేస్తుంది. అందుకే ఈవెంట్ హ్యాండ్లర్ పెట్టుకుని ఆ మౌనాన్ని మాట్లాడించాలి.

పైథాన్ ఎలిమెంట్‌ట్రీలో ఇంత దాపరికం లేదు. యూఆర్ఐని మీసాల బ్రాకెట్లలో పెట్టి, వెంటనే ట్యాగ్ పేరు రాస్తుంది. చూడ్డానికి ముతకే గాని ఎవరు ఎవరో స్పష్టంగా కనిపిస్తుంది. ఇంకో మెలిక: ప్రిఫిక్స్ లేకుండా ప్రకటించే డిఫాల్ట్ నేమ్‌స్పేస్ ట్యాగ్‌లకే వర్తిస్తుంది, యాట్రిబ్యూట్‌లకు కాదు. ఆటమ్ కేటగిరీని యూఆర్ఐతో వెతకాలి, దానిలోని 'టర్మ్'ను మాత్రం వట్టి పేరుతోనే అడగాలి.

వెర్షన్ మారితే యూఆర్ఐ కూడా మారుతుంది. క్యాప్ 1.1కు ఒకటి, 2010లో వచ్చిన 1.2కు మరొకటి. రెండిటికీ విడివిడిగా క్లాసులు రాసి, కోడ్ లోపల వాడుకునే ఒకే 'హెచ్చరిక' ఆబ్జెక్ట్‌లోకి మార్చుకోవడం నయం.

ఒకే హెచ్చరికలో 'ఇన్ఫో' భాగం ఎన్నిసార్లయినా రావచ్చు. భాషకొకటి చొప్పున ఇస్తారు. దాన్ని లిస్ట్‌గా కాక ఒకే ఆబ్జెక్ట్‌గా మ్యాప్ చేస్తే ఒక్క భాషే మిగులుతుంది, అది తెలుగు కావాలని లేదు. హెచ్చరిక ప్రాంతాన్ని మ్యాపు మీద గీయాలంటే కేఎంఎల్ అనే మూడో పదజాలం కలుస్తుంది. క్యాప్ 'పాలిగన్'లో అక్షాంశం ముందు, కేఎంఎల్‌లో రేఖాంశం ముందు. నాయుడుపేట సుమారు 13.9, 79.9 దగ్గర ఉంది. ఈ రెండు అంకెలూ తారుమారైతే హెచ్చరిక ఆర్కిటిక్‌లోని స్వాల్‌బార్డ్ దగ్గర తేలుతుంది. ఈ మార్పిడికి ఒకేచోట ఒక అడాప్టర్ రాసుకోవాలి.

పత్రం చదవడం అయ్యాక మొదట చూడాల్సిన గడి 'సెవెరిటీ'. ప్రతి ఇన్ఫోలో అది తప్పనిసరి. తీవ్రత ఎంతో పంపినవాళ్లకే తెలియకపోతే 'అన్‌నోన్' అని రాయడానికి కూడా క్యాప్‌లో వీలుంది. కాబట్టి అక్కడ నల్ కనిపించిందంటే పత్రంలో లోపమైనా ఉండాలి, మన మ్యాపింగ్ అయినా తప్పి ఉండాలి. ప్రోగ్రాం అక్కడే ఆగి ఆ మాట చెప్పాలి.