మొండెం మీది వంపు

ధర్మవరం మండలంలోని నిమ్మలకుంట తోలుబొమ్మల ఊరు. వానకు మొహం వాచిన అనంతపురం ప్రాంతపు నేల మీద ఇంత రంగు ఎలా పుట్టిందో!

అందరూ బొమ్మ ముఖాన్ని మెచ్చుకుంటారు. నా కళ్లు మాత్రం మొండెం దగ్గరే ఆగిపోతాయి. ఛాతీ, పొట్ట, నడుము కలిపి రెండే వంపుల్లో తేల్చెయ్యాలంటే ఎన్నేళ్ల సాధన కావాలి! కండరాలు గీయరు, నీడలు దిద్దరు. విశాలమైన భుజాలు, పిడికెడు నడుము. అంతే, రాముడు నిలబడతాడు. లేపాక్షి గుడి పైకప్పు మీది 16వ శతాబ్దపు చిత్రాల్లోనూ ఇలాంటి పొదుపైన గీతే కనిపిస్తుంది.

శుభ్రం చేసి ఆరబెట్టిన మేకతోలు వెలుతురును ఆపదు. దాని మీద గీత గీసి, అంచు కోసి, నగలున్న చోటల్లా ఉలితో చిల్లులు పొడుస్తారు. రొమ్ము మీది హారమంటే వరసగా పడిన ఆ చిల్లులే; వెనక దీపం పెట్టగానే రత్నాలవుతాయి. ఉలి దిగాక దిద్దుబాటు లేదు. చేతులూ కాళ్లూ విడిగా కోసి దారంతో కడతారు కనుక మొండెం తూకం తప్పితే బొమ్మ నడకే తప్పుతుంది.

ఈ ఊరి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ ప్రకటించారు. ఆటలు తగ్గి, ఆ చేతులే ఇప్పుడు ల్యాంప్‌షేడ్లు కూడా చేస్తున్నాయి. బల్ల మీది దీపం చుట్టూ తిరిగే హనుమంతుడికీ అదే ఛాతీ, అదే వంపు.