గొంతు వెనక, అడుగు ముందు

ఎదుట మనిషి లేకుండానే ఒక గొంతు వినిపించి తిడుతుంటే, ఎవరైనా దాని నోరు మూయించాలనే చూస్తారు. ఎదురు తిడతారు, తలుపులేసుకుంటారు. ఆ పోరుకే రోజంతా సరిపోతుంది. సైకోసిస్‌తో (లేనివి వినిపించడం, నిజం కానివాటిని నమ్మడం వంటి స్థితితో) బతికేవారి ఈ అలసటకు వాడే చికిత్సల్లో ఒకటి యాక్సెప్టెన్స్ అండ్ కమిట్‌మెంట్ థెరపీ, పొట్టిగా 'యాక్ట్'.

పట్రీషియా బాక్, స్టీవెన్ హేస్ 2002లో అమెరికాలో ప్రచురించిన అధ్యయనంలో దీని పనితనం బాగా కనిపిస్తుంది. ఆసుపత్రిలో ఉన్న 80 మందిలో సగం మందికి మామూలు వైద్యం అందింది. మిగతావారికి దానితోపాటు నాలుగే నాలుగు యాక్ట్ సెషన్లు.

ఇందులో వినిపించే గొంతు నిజమా, భ్రమా అన్న వాదన ఉండదు. వాదనా పోరే కదా! చేయించే అభ్యాసాల్లో ఒకటి చూడండి. రోగి నడుస్తుంటే, చికిత్స చేసేవారు అతని మనసు పాత్ర వేసి వెంట నడుస్తారు. "అటు వెళ్లకు, అందరూ నిన్నే చూస్తున్నారు" అని సణుగుతూనే ఉంటారు. అతను వింటూనే తన దారిన తాను నడవాలి. ఉపన్యాసాలకు అందని పాఠం కాళ్లకు అందుతుంది.

మాటతోనూ ఇలాంటి పనే చేయిస్తారు. "వాళ్లు నన్ను చంపేస్తారు" అన్నది "వాళ్లు నన్ను చంపేస్తారనే ఆలోచన వచ్చింది"గా మారుతుంది. తెలుగులోనైతే మనిషికీ ఆలోచనకూ మధ్య అంత ఎడాన్నీ 'అనే' ఒక్కటే తెచ్చిపెడుతుంది.

అధ్యయనంలో ఫలితాలను కొలవడంలోనూ అదే నేర్పు. లక్షణాలు ఎంత తరచుగా వస్తున్నాయి, ఎంత బాధపెడుతున్నాయి అన్నవాటితో పాటు, వాటిని ఎంత నమ్ముతున్నారనీ అడిగారు. యాక్ట్ అందుకున్నవారిలో లక్షణాలున్నాయని చెప్పినవారే ఎక్కువ, వాటిపై నమ్మకం మాత్రం తక్కువ. నాలుగు నెలల్లో మళ్లీ ఆసుపత్రిలో చేరడం, మామూలు వైద్యం మాత్రమే అందినవారితో పోలిస్తే వీరిలో దాదాపు సగమే. లక్షణాలనే లెక్కపెట్టి ఆగితే ఇది ఓటమిలా కనిపించేది. లక్షణాలున్నాయని చెబుతూనే వాటిని తక్కువగా నమ్మడంలో గెలుపు ఉందని ఆ మూడో ప్రశ్న చూపించింది.

ఇది చిన్న అధ్యయనమే. యాక్ట్ మందులకు బదులూ కాదు. వాటిని సొంతంగా ఆపకూడదు. మీ ఇంట్లో ఎవరైనా గొంతులు వినిపిస్తున్నాయంటే కొట్టిపారేయకండి, వాదించకండి. ముందు వినండి. మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి, మానసిక వైద్యుల దగ్గరకు తోడు వెళ్లండి.