కనకాంబరపు మాల

ఏలూరు వీథి మలుపున గోనెసంచి పఱచుకొని కూర్చుండు పూలమ్మునామె చేతి నేర్పును నిలిచి చూచినవారు అరుదు. సువాసన లేకున్నను వాడుటకు తొందరపడని కనకాంబరములను, రేకులు నలగకుండ సన్నని కాడలయందే పట్టి, రెండింటి నొకవైపునకును రెండింటి నెదురువైపునకును అమర్చి, తడిపి మెత్తబఱచిన అరటినారను చుట్టి, వ్రేలిసందున ముడి దూర్చి బిగించుచు, బేరమాడుచునే ఆమె మాల సాగించును. ముడి మితిమీఱి బిగిసెనా కాడ తెగును, వదులయ్యెనా పువ్వు జాఱును. ఆ రెంటి నడిమి బిగువు వ్రేళ్లకే తెలియును. మోచేతినుండి నడివ్రేలి కొనవఱకు కొలిచి, కొసరుగా నాలుగు పూలు చేర్చి, తడి యాకులో చుట్టి యిచ్చిన ఆ దండ, తాడేపల్లిగూడెము రైలెక్కిన యిల్లాలి జడలోనైనను, కొల్లేటికోట పెద్దింట్లమ్మ సన్నిధినైనను సాయంకాలమువఱకు వన్నె తఱుగక నిలుచును. ఇకమీద మూర వెల యడుగుటకు ముందు ఆ చేతుల నొక్కక్షణము చూడుడు.