‘మంచి కొవ్వు – చెడు కొవ్వు’: ఒక పరిభాషా విమర్శ

కామాఠిపురము, తెలుగు ప్రాంతములనుండి కట్టడపు పనులకై బొంబాయి చేరిన కామాఠీల పేర వెలసిన పేట. అచ్చటను, నగరమందలి ఇతర తెలుగు చాళ్లయందును తెలుగు ఇంటిమాటగా నిలిచియున్నది. కాని వైద్యుడు హిందీలోనో మరాఠీలోనో పలుకును. రక్తపరీక్ష కాగితము ఆంగ్లమున నుండును. దానికి ఇల్లాలు చెప్పుకొను అర్థము, పత్రికల ఆరోగ్యపుటలు నేర్పిన తెలుగు మాటలనుండియే పుట్టవలెను. అట్టి మాటలలో ‘మంచి కొవ్వు’, ‘చెడు కొవ్వు’ అను జంట పరిశీలింపదగినది.

ఈ జంటకు గుణము లేకపోలేదు. హెచ్.డి.ఎల్., ఎల్.డి.ఎల్. అను పొడి అక్షరములను సామాన్యుల నోటికెక్కించినది ఇదియే. అయినను రెండింటను గల కొలెస్టరాలు ఒక్కటియే. భేదము దానిని మోయు కణములది. ఎల్.డి.ఎల్. దానిని దేహభాగములకు చేర్చును, హెచ్.డి.ఎల్. మరల కాలేయమునకు గొనిపోవును. మోతగాండ్రకు చెందవలసిన పేరు మూటకు పెట్టబడినది.

ముట్లుడిగిన స్త్రీల విషయమున ఈ లోపము చిన్నది కాదు. ఆ దశలో ఈస్ట్రోజెను తగ్గి ఎల్.డి.ఎల్. పెరుగును. హార్మోను మాత్రలు ఎల్.డి.ఎల్.ను తగ్గించి హెచ్.డి.ఎల్.ను పెంచునని 1995లో అమెరికాయందలి ‘పెపి’ పరిశోధన తెలిపెను. చెడు తగ్గి మంచి పెరిగినచో గుండె పదిలమని ఎవరైనను తలతురు. వైద్యులలో పలువురును అట్లే తలచిరి. 1998లో వెలువడిన ‘హెర్స్’ పరిశోధనలో గుండెజబ్బుగల 2,763 మంది స్త్రీలు పాల్గొనిరి. మాత్రలవలన అంకెలు చక్కబడెను. గుండెపోట్లు మాత్రము తగ్గలేదు. 2002లో 16,608 మందిపై జరుగుచున్న మరియొక పరిశోధనలో, ఈస్ట్రోజెను, ప్రొజెస్టిను కలిపి వాడినవారిని గూర్చిన భాగమును నడుమనే నిలిపివేసిరి. ఏటికి 10,000 మందిలో గుండెజబ్బు 7, పక్షవాతము 8, రొమ్ము క్యాన్సరు 8 చొప్పున అధికమైనవి. తుంటి ఎముక విరుగుట 5 తగ్గినది. మ్రింగు ఈస్ట్రోజెను ట్రైగ్లిసరైడులను, రక్తము గడ్డకట్టు స్వభావమును పెంచును. ఈ సంగతికి ‘మంచి – చెడు’లలో చోటు లేదు.

ఇందువలన హార్మోను చికిత్స త్యాజ్యమని తలపరాదు. 60 ఏండ్లలోపు వారికి, లేదా ముట్లుడిగి 10 ఏండ్లు దాటని వారికి, తీవ్రమైన వేడి ఆవిరులకు అదియే మేలైన మందు. ప్రతిబంధకములు లేనిచో, చిన్నవయసున అండాశయములు కోల్పోయినవారికి సహజముగా ముట్లుడుగు వయసువరకు దానిని వాడుమనుట వైద్యలోకపు సామాన్యాభిప్రాయము.

ఇచ్చట మరియొక మాట అడ్డుపడుచున్నది. 2019–21 జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము, 15–49 ఏండ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశమున 3 శాతమునకు కొంచెము పైబడగా, ఆంధ్రప్రదేశ్, తెలంగాణములలో 8 శాతమునకు మించిరి. ‘గర్భసంచి తీసిరి’ అను వాక్యము అండాశయములు ఉన్నవో లేవో చెప్పదు. చికిత్స నిర్ణయమునకు ఆ సంగతియే ఆధారము.

కావున ఆరోగ్యరచయితలు కణముల పేర్లనే నిలిపి, అవి చేయు పనిని తెలుగున వివరించుట మేలు. ఎల్.డి.ఎల్. తగ్గించుటకు ఆహారనియమము, నడక, స్టాటిను మందులు కలవు. అందులకై హార్మోను మాత్ర వాడదగదు. చాళ్లయందలి స్త్రీ వైద్యునితో రెండు మాటలు స్పష్టముగా పలుకగలుగవలెను: “నా అండాశయములు ఉన్నవా?” “ఈ మాత్ర దేనికొరకు?” ఆమె నోట ఆ ప్రశ్నలను నిలుపలేని పరిభాష, ఎంత సులభమైనను, కొరగానిదే.